గురకకు పెట్టే యంత్రం గుండెను కాపాడుతుందా?

ప్రశ్న: మా వారికి 56 ఏళ్లు, చాలా కాలంగా షుగరు ఉంది. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారు. నిద్ర పరీక్షలో గంటకు 34 సార్లు శ్వాసకు ఆటంకం కలుగుతోందని తేల్చి, సీప్యాప్ యంత్రం వాడమన్నారు. దీనితో గుండెపోటు ముప్పు తప్పుతుందా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: ఆ సంఖ్య 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియాగా (నిద్రలో పదేపదే ఊపిరి ఆగే జబ్బు) పరిగణిస్తారు కాబట్టి చికిత్స అవసరమేనమ్మా. ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోయి, అడ్రినలిన్ వంటి హార్మోన్లు విడుదలై, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఇన్సులిన్ పనితీరూ మందగిస్తుంది. సీప్యాప్ యంత్రం నుంచి మాస్కు ద్వారా ఒత్తిడితో వచ్చే గాలి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది కనుక గురక, పగటి మత్తు తగ్గుతాయి, బీపీ కొద్దిగా దిగుతుంది.

గుండెపోటు విషయంలో మాత్రం అంత గట్టి హామీ ఇవ్వలేము. 2016లో వెలువడిన సేవ్ అధ్యయనంలో, అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,700 మందికి పైగా పరిశీలించగా, యంత్రం వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అయితే వారు దానిని సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. అర్ధరాత్రి మాస్కు లాగి దిండు పక్కన పడేయడం ఇక్కడా మామూలే! కనీసం నాలుగు గంటలు, వీలైతే నిద్రపోయినంతసేపూ పెట్టుకోవాలి. గాలి పక్కలనుంచి కళ్లలోకి కొడుతుంటే మాస్కు సైజు మార్పించండి; నోరు ఎండిపోతుంటే గాలికి తేమ చేర్చే హ్యూమిడిఫయర్ అడగండి. యంత్రం ఉంది కదా అని షుగరు, బీపీ మాత్రలు గానీ, డాక్టరు రాసిన స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) గానీ ఆపకూడదు.