మేతకిచ్చిన తోటలో చెప్పకుండా యూరియా వేస్తే పరిహారం అడగవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా ఊళ్లో ఒకరి కొబ్బరి తోటలో గడ్డి మేపుకోవడానికి ఏడాదికి ఇంత అని మాట్లాడుకుని ఫోన్‌పేలో డబ్బు పంపాను. కాగితం రాసుకోలేదు. ఆయన మాకు చెప్పకుండా చెట్ల పాదుల్లో యూరియా వేయించారు. మర్నాడు తోలిన ఆవుల్లో రెండు కడుపుబ్బి, నురగలు కక్కుకుని కాసేపటికే చనిపోయాయి. అడిగితే 'మీ ఆవుల్ని మీరే చూసుకోవాలి' అంటున్నారు. పోలీసులేమో ఇది సివిల్ తగాదా అన్నారు. నాకు దారేమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా. తోట ఆయనదే, చెట్లకు ఎరువు వేసుకునే హక్కూ ఆయనదే. కానీ డబ్బు తీసుకుని మేతకు ఒప్పుకున్నాక మీ ఆవులు అక్కడ దొంగమేతకు దూరినట్టు కాదు. ఇలాంటి అనుమతిని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం లైసెన్సు అంటుంది. నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుంది. ఆ స్థలంలో ఆయనకు తెలిసి, మీకు తెలియని ప్రమాదం ఉంటే చెప్పితీరాలని 57వ సెక్షన్ అంటుంది. 58వ సెక్షన్ ఇంకా గట్టిది. మీకు గానీ మీ సొత్తుకు గానీ ప్రమాదం తెచ్చే పని ఆయన అక్కడ చేయకూడదు. ఆవులు మీ సొత్తే కదా. 'ఎరువు వేశాను, కొన్నాళ్లు తోలకండి' అని ఒక్క మాట అనకపోవడమే మీ కేసుకు బలం.

పోలీసుల మాట చాలావరకు సరైనదే. పశువును చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. అయితే కావాలని చేశారని, లేదా నష్టం జరుగుతుందని తెలిసే చేశారని రుజువు కావాలి. అజాగ్రత్త చాలదు. పంతానికి పోకండి.

అసలు చిక్కు సాక్ష్యం దగ్గరే. నెమరువేసే పశువు కడుపులో యూరియా అమోనియాగా మారి రక్తంలో కలుస్తుంది. మీరు రాసిన లక్షణాలు దానికి సరిపోతున్నాయి, కానీ కోర్టుకు అవి మాత్రమే చాలవు. ప్రభుత్వ పశువైద్యుడు పోస్టుమార్టం చేసి ఉంటే రిపోర్టు నకలు వెంటనే తీసుకోండి. చేయించకుండా పాతిపెట్టి ఉంటే కేసు బలహీనపడుతుంది, ఇది దాచి చెప్పలేను. అప్పుడు ఎరువు వేసిన కూలీలు, ఆవులు పడిపోవడం చూసినవాళ్లు, ఆనాటి ఫొటోలే ఆధారం. ఫోన్‌పే వివరాలు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఫోన్, కంప్యూటర్ రికార్డులకు ఇచ్చే ధ్రువీకరణ పత్రం) జతచేయాలి. యూరియా గుళికలు కనిపిస్తున్నా తోలారని అవతలి లాయరు వాదిస్తారు. అది నిలబడితే పరిహారం కొంత తగ్గవచ్చు.

ముందు ఆవుల ధర, పోయిన పాల ఆదాయం లెక్కగట్టి లాయరు నోటీసు ఇప్పించండి. దావాకు మూడేళ్ల గడువుంది. ఒకే ఊరివాళ్లు కాబట్టి, దావా కంటే ముందు శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టమని నా సలహా. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. ఆవులకు బీమా ఉంటే ఆ క్లెయిము ఈరోజే పెట్టండి.

మిగిలిన ఆవుల్ని, గట్టి వాన పడి గుళికలు పూర్తిగా కరిగి భూమిలోకి ఇంకేదాకా ఆ తోటకు తోలకండి. యూరియా సంచులు కడిగిన నీళ్లు కూడా వాటికి అందనివ్వకండి. ఏ ఆవైనా వణికినా, తూలినా ఆలస్యం చేయకుండా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి.