పరదేశంలో ల్యాప్‌టాప్‌కి నెట్ ఎలా?

ప్రశ్న: వచ్చే నెల 20 రోజులు జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ వెళ్తున్నాం. రోజూ ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పని చేయాలి. హోటల్ వైఫై చాలదా? అదే టెన్షన్.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చాలదమ్మా. హోటల్ వైఫై ఉంటే వాడుకోండి, దాన్నే నమ్ముకుని మాత్రం వెళ్లకండి. మీ ఫోన్ ఈసిమ్ (విడిగా కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కే సిమ్) తీసుకునే రకమైతే యూరప్ ప్లాన్ కొని, గన్నవరంలో విమానం ఎక్కకముందే ఇంటి వైఫై మీద ఎక్కించుకోండి. అక్కడ దిగాక ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్ నడుస్తుంది. ప్లాన్‌లో హాట్‌స్పాట్‌కి అనుమతి ఉందో లేదో ముందే చదవండి.

2017 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశపు సిమ్ మిగతా సభ్య దేశాల్లోనూ అదనపు రోమింగ్ ఛార్జీ లేకుండా పనిచేస్తోంది. స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు! మీ ప్లాన్‌లో దాని పేరు ఉందేమో విడిగా చూసుకోండి.

మా అబ్బాయిని చూడటానికి మ్యూనిక్ వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఫొటోల బ్యాకప్ ఆపడం మర్చిపోయాను. వారానికని కొన్న డేటా ఒక్క రాత్రిలో అయిపోయింది. తెల్లారి మా విజయవాడ ఆఫీసుకి లెక్కలు పంపాల్సి ఉంది, ఎంత కంగారుపడ్డానో! అందుకే చెబుతున్నాను, హాట్‌స్పాట్ కలిపాక వైఫై సెట్టింగ్స్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ (డేటా పొదుపుగా వాడమని ల్యాప్‌టాప్‌కి చెప్పేది) ఆన్ చేయండి, బ్యాకప్ ఆపండి.

మన సిమ్ తీసేయకండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. దాని డేటా రోమింగ్ మాత్రం ఆపండి. అన్నట్టు, మన లావు మూడు పుల్లల ప్లగ్ అక్కడ పట్టదు. అడాప్టర్ విజయవాడ బెసెంట్ రోడ్డులోనో, మీ ఊళ్లోనో కొనుక్కుని వెళ్లండి.