అంచు దగ్గర ఆగేది ఏది?

ప్రశ్న: రెండు అల్యూమినియం ఆర్సెనైడ్ పొరల మధ్య ఉన్న పలుచని గాలియం ఆర్సెనైడ్ పొరలో ఆప్టికల్ ఫోనాన్లను (స్ఫటికంలోని పరమాణువుల ఒక రకం కంపనాలను) లెక్కగట్టేటప్పుడు, అంచున పరమాణువుల స్థానభ్రంశం సున్నా అని ఒక పుస్తకంలోనూ, విద్యుత్ పొటెన్షియల్ సున్నా అని మరొక పుస్తకంలోనూ ఉంది. ఏది సరైనది? మాది నేత కుటుంబం కనుక వీలైతే మగ్గం పోలికతో చెప్పగలరు.
– ఎమ్మెస్సీ విద్యార్థిని, బరంపురం

జవాబు: మగ్గం మీద కాలితో తొక్కగానే పడుగులో పోగు విడిచి పోగు పైకి లేస్తుంది, తక్కినవి కిందికి దిగుతాయి. ఆప్టికల్ ఫోనాన్‌లో గాలియం, ఆర్సెనిక్ పరమాణువులు కూడా అలాగే ఎదురెదురుగా కదులుతాయి. అయితే పట్టుపోగులకు లేని విద్యుదావేశం వీటికి ఉంది కాబట్టి కదలికతో పాటు విద్యుత్ క్షేత్రమూ పుడుతుంది. గాలియం ఆర్సెనైడ్‌లో అడ్డు కంపనం (తరంగం సాగే దిశకు అడ్డంగా జరిగేది) పౌనఃపున్యం సెంటీమీటరుకు సుమారు 268 తరంగాల దగ్గర, నిలువు కంపనం (ఆ దిశలోనే జరిగేది) పౌనఃపున్యం 292 దగ్గర ఉండటానికి ఆ క్షేత్రమే కారణం.

అల్యూమినియం చాలా తేలిక. అందువల్ల దాని ఆర్సెనైడ్‌లో ఈ కంపనాలు 360 నుంచి 404 వరకు ఉంటాయి. 292 దగ్గర ఊగే పొరకు పక్క పొర వంత పాడలేదు కనుక కదలిక అంచు దాటిన ఒకటి రెండు పరమాణు వరుసల్లోనే చచ్చిపోతుంది. మొదటి పుస్తకం చెప్పేది ఇదే. పది వరుసల పొర మందం 2.83 నానోమీటర్లే అయినా, లెక్కలో పదకొండు వరుసలుగా, అంటే 3.11గా తీసుకోవడం ఇందుకే. రామన్ వర్ణపటంలో (పదార్థం చెదరగొట్టిన కాంతి నుంచి దాని కంపనాలను పట్టి చూపేది) 292కు కాస్త కిందుగా వరుసగా కనిపించే శిఖరాలు ఈ లెక్కకే సరిపోతాయి.

క్షేత్రం సంగతి వేరు. ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రం మారినా మన తెలుగు ఆగనట్టే అదీ అంచున ఆగదు. అందుకే 268కీ 292కీ నడుమ, అంచునే అంటిపెట్టుకుని ఉండే కంపనాలు పుడతాయి; స్థానభ్రంశాన్ని మాత్రమే పట్టించుకున్న లెక్కలో ఇవి జారిపోతాయి. మరోవైపు, పొటెన్షియల్‌ను మాత్రమే సున్నా చేస్తే పొర లోపలి కంపనాల స్థానభ్రంశం అంచున గరిష్ఠమవుతుంది, ఇది అసంగతం. ఈ తగవును 1988లో భౌతిక శాస్త్రవేత్తలు కున్ హువాంగ్, బాంగ్‌ఫెన్ ఝు తీర్చారు: పొర లోపలి కంపనాలకు అంచున రెండూ సున్నా అయ్యే రూపాలను ఎంచి, అంచు కంపనాలను విడిగా ఉంచారు.

మీరు రామన్ శిఖరాలను గుర్తించాలంటే మొదటి పుస్తకం చాలు. ఎలక్ట్రాన్లు ఫోనాన్లను ఢీకొనే మొత్తం రేటు కావాలంటే, రూపాలు తప్పైనా రెండో పుస్తకం దాదాపు సరైన విలువే ఇస్తుంది. పొర మూడు నాలుగు వరుసలే అయితే రెండూ పక్కనపెట్టి, ఒక్కొక్క పరమాణువు చలన సమీకరణాన్ని రాసుకోవలసిందే.