నూటికి డెబ్బైకే లగ్జరీ సెడాన్: కొనొచ్చా?

ప్రశ్న: ఒక బడ్జెట్ కంపెనీ చిన్న కారు తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను. ఎప్పుడూ దారిలో ఆగి ఇబ్బంది పెట్టలేదు. అదే కంపెనీ నాలుగేళ్ల కిందట ఓ పెద్ద సెడాన్ తెచ్చింది. లెదర్ సీట్లు, మెత్తని సస్పెన్షన్, పెద్ద స్క్రీన్, అన్నీ పేరున్న లగ్జరీ కార్లలో ఉన్నట్టే ఉన్నాయి. ధర మాత్రం వాటికంటే దాదాపు మూడోవంతు తక్కువ. జర్మన్ కారున్న మా బావగారు 'దానికి రీసేల్ ఉండదు, కొని బాధపడతావు' అంటున్నారు. ధరలో సగం నా దగ్గర ఉంది, మిగతా సగానికి ఐదేళ్ల లోన్ తీసుకోవాలి. మా అమ్మాయి నాలుగేళ్లలో కాలేజీకి వస్తుంది. ఇలాంటి కంపెనీ కారు అసలు లగ్జరీ సెడాన్లకు పోటీ ఇవ్వగలదా? డబ్బు పెట్టొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. పోటీ ఇవ్వగలదా అన్నది ఆ కంపెనీ వాళ్లకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. డబ్బు పెట్టొచ్చా అన్నది మీది. మొదటిదానికి అవునని జవాబొచ్చినంత మాత్రాన రెండోదానికీ అదే రావాలని లేదు. ముందు వాళ్ల సంగతి చూద్దాం, ఎందుకంటే మీ బావగారి మాటకు మూలం అక్కడే ఉంది.

కారు తయారీ వరకైతే పోటీ ఇవ్వొచ్చు. ఇది ఎప్పుడో రుజువైంది. 1989లో టొయోటా అమెరికాలో లెక్సస్ అనే కొత్త బ్రాండు పేరుతో ఎల్ఎస్ 400 సెడాన్‌ను దించినప్పుడు మొదటి ధర 35,000 డాలర్లు. అప్పటి పెద్ద జర్మన్ సెడాన్ల కంటే బాగా తక్కువ. బానెట్ మీద షాంపేన్ గ్లాసులు పిరమిడ్‌లా పేర్చి, ఇంజిన్‌ను హోరెత్తించినా ఒక్క గ్లాసు కదలని ఆ ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. కానీ నా దృష్టిలో లెక్సస్‌ను నిలబెట్టింది ఆ గ్లాసులు కాదు. కారు వచ్చిన కొద్ది నెలలకే, అదే ఏడాది డిసెంబరులో, బ్రేక్ లైటు వైరింగ్, క్రూయిజ్ కంట్రోల్ లోపాల వల్ల అప్పటికి అమ్మిన దాదాపు 8,000 కార్లనూ రీకాల్ చేయాల్సి వచ్చింది. కొత్త బ్రాండుకు ఇంతకంటే అపశకునం ఉండదు. వాళ్లు కస్టమర్లను షోరూముకు రమ్మని పిలవలేదు. మనుషుల్ని ఇళ్లకు పంపి కార్లు తెప్పించుకున్నారు, బాగుచేశారు, కడిగి, ట్యాంకు నింపి మళ్లీ ఇంటి ముందు పెట్టారు. లగ్జరీ కారు కొన్నవాడు డబ్బిచ్చేది సగం ఇలాంటి మర్యాదకే.

ఇంకో సంగతి గమనించండి. ఆ కారు మీద టొయోటా పేరు లేదు. షోరూములు కూడా వేరు. తక్కువ ధర కారుకు బేరమాడే కౌంటరు దగ్గరే ఖరీదైన కారును అమ్మలేమని వాళ్లకు ముందే తెలుసు.

ఆ మాట పెడచెవిన పెడితే ఏమవుతుందో ఫోక్స్‌వ్యాగన్ చూపించింది. ఆ పేరుకు అర్థమే 'ప్రజల కారు'. అలాంటి కంపెనీ 2002లో ఫేటన్ అనే మహా ఖరీదైన సెడాన్ తెచ్చింది. దానికోసం డ్రెస్డెన్‌లో గాజు గోడల ఫ్యాక్టరీ కట్టారు. బయట 50 డిగ్రీల ఎండలో రోజంతా గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతున్నా లోపల 22 డిగ్రీలే ఉండాలని అప్పటి అధిపతి ఫెర్డినాండ్ పియెక్ పట్టుబట్టారని చెబుతారు. బెంట్లీ వాళ్ల ఖరీదైన కారు కాంటినెంటల్ జీటీకి, దీనికి అడుగున ఉన్న ప్లాట్‌ఫామ్ ఒకటే. ఇంజనీరింగ్‌లో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ముందువైపు గ్రిల్ మీద మాత్రం మామూలు చిన్న కార్ల మీద ఉండే అదే గుర్తు. 2006లోనే అమెరికా నుంచి తీసేశారు, 2016లో తయారీయే ఆపేశారు. కియా కూడా 2014లో అమెరికాకు కే900 అనే పెద్ద సెడాన్ తీసుకెళ్లింది. మంచి కారే. 2021 వచ్చేసరికి అక్కడి జాబితాలో లేదు.

ఈ రెండు దారులూ నడిచి చూసిన కంపెనీ హ్యుందాయ్. 1986లో అమెరికాలో 4,995 డాలర్ల కారుతో అడుగుపెట్టి, నాణ్యత విషయంలో ఏళ్ల తరబడి జోకులు భరించింది. 1998లో ఇంజిన్, గేరుబాక్సులకు పదేళ్ల వారంటీ ప్రకటించింది. 2008లో జెనెసిస్ అనే సెడాన్ తెచ్చి, మరుసటి ఏడాది ఉత్తర అమెరికా 'కార్ ఆఫ్ ది ఇయర్' కొట్టింది. 2010లో ఈక్వస్ అనే ఇంకా పెద్ద సెడాన్ వచ్చింది. టెస్ట్ డ్రైవ్‌కు కారు మీ ఇంటికే వచ్చేది, సర్వీసుకు వాళ్లే వచ్చి తీసుకెళ్లేవారు, యూజర్ మాన్యువల్ ఐప్యాడ్‌లో ఇచ్చారు. ఇన్ని చేసినా చివరికి 2015లో జెనెసిస్‌ను వేరే బ్రాండుగా విడగొట్టాల్సి వచ్చింది. 2018లో అమెరికా సర్వే సంస్థ జె.డి. పవర్ చేసిన కొత్త కార్ల నాణ్యత సర్వేలో ఆ జెనెసిసే మొదటి స్థానంలో నిలిచింది. మొదటి చౌక కారు నుంచి అక్కడిదాకా ముప్పైరెండేళ్లు. మీ లోన్ ఐదేళ్లది.

అంటే మంచి కారు చేయడానికి కొన్నేళ్లు చాలు, పేరుకు ఒక తరం పడుతుంది. మధ్యలో కొన్నవాళ్లకు కారు మాత్రం బాగానే అందుతుంది. అమ్మబోయిన రోజున పేరు కుదరని నష్టమూ వాళ్లకే వస్తుంది. అందుకే బావగారి మాటలో నిజముంది. కానీ ఆయన లెక్క సగమే.

లెక్క చూద్దాం. లగ్జరీ కారు ధర 100 అనుకోండి, మీరు చూస్తున్నది 70. ఇక్కడ నేను వేసే అంకెలు అర్థం కావడం కోసం అనుకున్నవి, మీ మార్కెట్లోవి మీరు కనుక్కుని వేసుకోండి. మూడేళ్ల తర్వాత లగ్జరీ కారుకు సగం ధర పలికిందనుకుందాం. మీ కారుకు అంతకంటే తక్కువ, 40 శాతమే. శాతాల్లో చూస్తే బావగారు గెలిచారు. ఇప్పుడు జేబులోంచి పోయింది చూడండి. ఆయనకు 50 పోయింది. మీకు 70లో 28 తిరిగొచ్చింది, పోయింది 42. ఎనిమిదేళ్లు ఉంచుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది. వంద కారుకు 20 వచ్చిందనుకుంటే 80 పోయినట్టు. మీదానికి పదో వంతే, అంటే 7 వచ్చినా పోయింది 63. పెద్ద లగ్జరీ సెడాన్లూ మొదటి మూడేళ్లలో జారుడుబండ మీద ఉన్నట్టే జారతాయన్నది ఆ కార్లున్నవాళ్లు పెళ్లిళ్లలో చెప్పుకునే విషయం కాదు.

అయితే వెంటనే షోరూముకు బయల్దేరకండి. నాకు అసలు ఇబ్బంది ఇక్కడే. ఈ ఆదా అంతా, మీరు నిజంగా 100 పెట్టి కొనబోయేవారైతేనే ఆదా. మీ ఉత్తరం చదివితే అలా అనిపించలేదు. తొమ్మిదేళ్లు చిన్న కారు తిప్పినవారు, సగం డబ్బే చేతిలో ఉన్నవారు, జర్మన్ సెడాన్ బుక్ చేయబోతూ ఆగారంటే నేను నమ్మను. ఆ వంద మీ పక్కన పెట్టింది సేల్స్ బ్రోచరు. వంద పక్కన నిలబెడితే డెబ్బై చౌకగానే కనిపిస్తుంది. మీ ఇంటికి సరిపోయే మధ్యరకం సెడాన్, 40కి దొరికేది, పక్కన పెట్టి మళ్లీ చూడండి.

ఎక్కువగా అమ్ముడయ్యే మధ్యరకం కారుకు ఎనిమిదేళ్ల తర్వాత పావు వంతు, అంటే 10 వచ్చిందనుకుందాం. పోయింది 30. డెబ్బై కారుకు పోయింది 63. అప్పు లెక్క కూడా కలపండి. మీ దగ్గరున్నది 35. పెద్ద కారు కొంటే ఇంకో 35 లోన్. తొమ్మిది శాతం వడ్డీతో ఐదేళ్లకు కట్టేది దాదాపు 43.6, అందులో వడ్డీయే 8.6. మధ్యరకం కారుకైతే అప్పు 5 మాత్రమే, అదీ ఏడాదిలో తీరిపోతుంది. పెద్ద కారు లోన్ ఐదో ఏడాదిలో ఉండగా మీ అమ్మాయి ఫీజు కట్టే రోజు వస్తుంది. రెండూ ఒకే నెలలో ఒకే జీతంలోంచి పోవాలి. బావగారు రీసేల్ గురించి టెన్షన్ పెట్టారు గానీ, నాకు ఈ ఐదో ఏడాది గురించే ఎక్కువ బెంగ.

అయినా సగం డబ్బు ముందే కడతానన్నారు, అది మంచి పని. పది శాతం కట్టి మిగతాదంతా లోన్ తీసుకునేవాళ్లను చూస్తుంటాను. డెబ్బైలో 63 అప్పు. మూడేళ్లు కట్టాక కూడా బాకీ 28 పైచిలుకు ఉంటుంది, కారు అమ్మితే వచ్చేది 28. కారు ఇచ్చేసి, పైన కొంత చేతి నుంచి వేస్తే గానీ బ్యాంకు వదలదు.

రెండేళ్ల కిందట నా క్లయింట్ ఒకాయన సరిగ్గా ఇలాంటి కారునే అమ్ముతుంటే తోడు వెళ్లాను. సెకండ్ హ్యాండ్ డీలరు కారు చుట్టూ తిరిగాడు. టైరు పక్కన ముద్రించిన తయారీ వారం నంబరు ఫోన్ లైటు వేసి చదివాడు. నాలుగు అద్దాలూ దించి ఎత్తాడు, సీటు మసాజ్ ఆన్ చేసి రెండు నిమిషాలు హాయిగా కూర్చున్నాడు కూడా. దిగి, 'బండి బంగారం సార్. కానీ అడిగేవాడుండాలి కదా' అన్నాడు. మా క్లయింట్ మసాజ్ గురించి ఇంకేదో చెప్పబోయాడు. డీలరు వినలేదు. ఈ ధరకు కారు కొనేవాడు ముందు గుర్తు చూస్తాడు, ఫీచర్లు ఇష్టపడేవాడి దగ్గర ఇంత డబ్బుండదు. డీలరు మాటకు నేను తెలుసుకున్న అర్థం ఇది.

అక్కడే వారంటీ సంగతీ వచ్చింది. కంపెనీ పేరు చూసి కాకుండా కారు చూసి కొనేవాడికి వారంటీయే ధైర్యం. కానీ కొన్ని వారంటీలు మొదటి యజమానికే పూర్తిగా వర్తిస్తాయి. అమెరికాలో హ్యుందాయ్ పదేళ్ల పవర్‌ట్రెయిన్ (ఇంజిన్, గేరుబాక్సు) వారంటీ అలాంటిదే, కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి ఐదేళ్ల వరకే. ప్రకటనలో పదేళ్లని పెద్ద అక్షరాల్లో ఉన్నా, మీరు అమ్మే రోజున దాని విలువ వేరు. మీరు చూస్తున్న కారుకు వారంటీ బదిలీ అవుతుందా, ఎంతకాలానికి అవుతుందా అన్నది నోటిమాటగా కాకుండా రాతలో తీసుకోండి.

సర్వీసింగ్ విషయానికొస్తే, చిన్న కారుకు తొమ్మిదేళ్లుగా మీరు కట్టిన బిల్లులు మర్చిపోండి. పెద్ద సెడాన్ టైరు, హెడ్‌ల్యాంప్, సస్పెన్షన్, బంపర్‌లోని సెన్సర్లు లగ్జరీ ధరల్లోనే ఉంటాయి. కారు ధర తగ్గిందని ఇవి తగ్గవు. పైగా తక్కువగా అమ్ముడయ్యే మోడల్‌కు విడిభాగం ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. మీ సర్వీసు సెంటరుకు వెళ్లి, ఈ మోడల్ కార్లు నెలకు ఎన్ని వస్తున్నాయో అడగండి. మేనేజరును కాదు, లోపల పనిచేసే మెకానిక్‌ను అడగండి. 'రెండో మూడో' అంటే, మీ కారు మీదే ఆయన పని నేర్చుకుంటాడు.

ఇంతకీ కొనమంటారా వద్దంటారా అంటే, ఇప్పుడు కొత్తది, లోన్ మీద, వద్దు. మీకు ఆ కారే కావాలనుంటే, రీసేల్ లేదని అందరూ భయపెడుతున్నదే మీకు పనికొస్తుంది. మూడేళ్లు తిరిగిన అదే మోడల్ కోసం చూడండి. నా లెక్క ప్రకారం 70 కారు 28కి దొరుకుతుంది, మొదటి ఓనరు 42 భరించాడు. మీ దగ్గరున్న 35లోంచే కొని, మిగిలిన 7 రిపేర్లకని విడిగా పెట్టుకోవచ్చు. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉన్న బండి మాత్రం వదిలేయండి, అది పాడైతే ఆ 7లో పెద్ద వాటా ఒక్క బిల్లుకే పోవచ్చు. కొన్నాక కనీసం ఆరేళ్లు అమ్మనని అనుకునే కొనండి. తొమ్మిదేళ్లు ఒకే కారు నడిపినవారికి అది కష్టం కాదు. లోన్ లేదు కాబట్టి, కట్టాల్సి ఉండిన ఈఎంఐని అమ్మాయి చదువు పేరిట ప్రతి నెలా వేయండి. డబ్బు నాలుగేళ్లలో కావాలి కనుక షేర్లలో కాదు, రికరింగ్ డిపాజిట్ లాంటి వాటిలోనే.

వాడిన కారు ఇంట్లో వాళ్లకు నచ్చకపోతే 40 కారు కొత్తది తీసుకోండి. నచ్చి, మీకే మనసొప్పక, కొత్త పెద్ద కారే కావాలంటే అమ్మాయి కాలేజీలో చేరాక, ఫీజుల సంగతి తేలాక అడగండి. అప్పటికి ఆ మోడల్ ఇంకా అమ్ముతున్నారో లేదో కూడా తెలిసిపోతుంది.

సెకండ్ హ్యాండ్ డీలరు దగ్గరికి వెళ్లే రోజున బావగారినీ, ఆయన కారునూ వెంట తీసుకెళ్లండి. అమ్మే ఉద్దేశం లేకపోయినా సరే, దానికి ఎంతిస్తారో ఓ కాగితం మీద రాయించుకోమనండి. శాతం వద్దు, అంకె.