పాత అమెరికన్ పారాట్రూపర్ బ్యాడ్జి అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

రెండో ప్రపంచ యుద్ధం నాటిదని ఎవరైనా అమ్ముతుంటే ముందు దాన్ని వెనక్కి తిప్పి చూడండి. పారాచూట్‌తో దూకే సైనికుల ఈ రెక్కల బ్యాడ్జి 1941లో వచ్చింది, అమెరికా సైన్యాధికారి విలియం యార్‌బరో రూపకల్పన. అప్పటి వాటిలో చాలావాటి వెనక 'స్టెర్లింగ్' (మేలైన వెండి అని) ముద్ర ఉంటుంది. కానీ నకిలీల మీద వేసేదీ అదే కాబట్టి ముద్ర ఒక్కటే చూసి డబ్బు పెట్టకండి. వెనక పిన్ను ఉంటే పాతది, క్లచ్ (ముల్లుకు తొడిగే చిన్న బిరడా) ఉంటే కొత్తది అన్న మాటా నమ్మొద్దు, యుద్ధకాలంలో రెండూ ఉన్నాయి.

అసలు పరీక్ష భూతద్దంతోనే. డైతో, అంటే చెక్కిన ఉక్కు దిమ్మెతో, కొట్టిన అసలు రెక్కల్లో ఈకల గీతలు పదునుగా ఉంటాయి. అసలుదాని నుంచి అచ్చు తీసి పోతపోసిన నకిలీలో అవే గీతలు మొద్దుబారి, అక్కడక్కడా సన్నటి బుడగ గుంటలు కనిపిస్తాయి. అరుగుదల కూడా ఎత్తైన చోట్లే ఉండాలి; మూలమూలలా ఒకే నలుపు ఉంటే అనుమానించాల్సిందే. ఇక 'నార్మండీలో (1944లో, ఫ్రాన్స్‌లో) దూకిన సైనికుడిది' లాంటి కథలకు, కాగితాలు లేకపోతే పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.