దేవుడే చూసుకుంటాడంటారు, ఫైనాన్స్ వాడు గుమ్మంలో ఉంటాడు

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మావారి వెల్డింగ్ షాపు మునిగిపోయింది. అప్పటినుంచి ఆయనకు సరైన పని లేదు. ఎవరైనా పిలిస్తే వెళ్తారు, లేకపోతే ప్రార్థనలకు వెళ్తారు. ఇంటి ఖర్చుల మాట ఎత్తితే "దేవుడే చూసుకుంటాడు" అంటారు. ఆయనకు చెప్పకుండా డైలీ ఫైనాన్స్‌లో పదివేలు తీసుకున్నాను. చేతికి ఎనిమిదిన్నర వేలే ఇచ్చారు, రోజుకు వంద చొప్పున 100 రోజులు కట్టాలి. చర్చికి ఇచ్చే దశమ భాగం (సంపాదనలో పదోవంతు) కూడా అందులోంచే ఇచ్చాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నాకు విశ్వాసం తక్కువని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ విశ్వాసాన్ని తూచే పని నాది కాదు, మీ అత్తగారిదీ కాదు. కానీ బియ్యం డబ్బా అడుగంటితే చూసుకునేది మీరు. ఆ టెన్షన్‌ని అవిశ్వాసం అనడం అన్యాయం.

బైబిల్‌లో రాజులు రెండవ గ్రంథంలో ఎలీషా ప్రవక్త దగ్గరకు వచ్చిన విధవరాలి సంగతి మీ ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆమె దాచుకోలేదు, వెళ్లి మొరపెట్టుకుంది. ఇంట్లో ఏముందని ప్రవక్త అడిగాడు. కొంచెం నూనె ఉంది. ఇరుగుపొరుగుల దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, అదీ కొన్ని కాదు, చాలా. ఇంటింటికీ వెళ్లి గిన్నెలు అడిగిన మనిషి కష్టం వీధిలో ఎవరికి తెలియకుండా ఉంటుంది? ఆ కొంచెం నూనెతోనే పాత్రలన్నీ నిండాక కూడా, దాన్ని అమ్మి అప్పు తీర్చమనే చెప్పాడు.

వరద రోజుల్లో పడవల మీద వచ్చిన అన్నం పొట్లాలు అందుకోవడానికి మీ పేటలో ఎవరూ సిగ్గుపడలేదు. అవి కట్టిన చేతులు ఎవరివో కూడా చాలామందికి తెలియదు. దేవుడే పంపాడనుకుని తిన్నారు. ఇప్పుడు మాత్రం మీ కష్టం ఇంట్లో మనిషికే తెలియకూడదని దాస్తున్నారు. నాకు భయంగా అనిపించేది ఇదే.

మీవారు సోమరి అని నేననుకోను. సొంత షాపు నడిపిన మనిషి ఆటోనగర్‌లో ఇంకొకరి షెడ్డులో కూలికి నిలబడాలంటే కష్టం. "దేవుడే చూసుకుంటాడు" అనే మాట వెనక ఆ నామోషీ ఉండొచ్చు. అందుకే దేవుడి మీద వాదనకు దిగకండి. అత్తగారు లేని సమయం చూసి ఫైనాన్స్ కార్డు ఆయన చేతిలో పెట్టండి. ఇంట్లో ఏముందో ఇద్దరూ కలిసి లెక్క చూడండి. బాగు చేయించగలిగిన మిషన్ ఏది? గేట్లు, గ్రిల్స్ చేయించుకుని డబ్బులు ఆపినవాళ్లు ఎవరు? ఆ పాత బాకీల కోసం ఆయనే తిరగాలి.

మీరు తీసుకున్న డబ్బుకు వడ్డీ లెక్కేస్తే నూటికి నెలకు పది రూపాయల పైమాటే. బ్యాంకులో బంగారం మీద ఇచ్చే అప్పుకు రూపాయి చుట్టూనే పడుతుంది. కాస్త బంగారం ఉంటే పెట్టి ఇది ముందు తీర్చేయండి. డ్వాక్రా గ్రూపులో ఉంటే అక్కడా అడగండి. వసూలుకు వచ్చినవాళ్లు ఇంటి ముందు గొడవ చేస్తే 112కి ఫోన్ చేయండి. అధిక వడ్డీ అప్పులిచ్చి జనాన్ని వేధించిన 2015 కాల్ మనీ గొడవ తర్వాత విజయవాడ పోలీసులకు ఇలాంటి ఫిర్యాదులు కొత్త కాదు.

దశమ భాగం ఇవ్వాలా మానాలా అన్నది మీరిద్దరూ తేల్చుకోవాలి. పాస్టరుగారికి ఉన్న పరిస్థితి చెప్పండి, దాచొద్దు. అయితే ఫైనాన్స్ డబ్బులోంచి తీసిచ్చింది మీ సంపాదనలో పదోవంతు ఎలా అవుతుంది? అది వాళ్ల అసలు, మళ్లీ వడ్డీతో మీరే కట్టాలి.

నిద్ర ఇలాగే పట్టకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

విషయం తెలిశాక ఆయన రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ రెండు రోజుల కిస్తీ కోసం ఇంకో ఫైనాన్స్ దగ్గరకు మాత్రం వెళ్లకండి.