ప్రకటనలో జెడ్/28... బండిలో ఏముంది?

ప్రశ్న: నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. 1969 నాటి షెవర్లే కమారో కొనాలని ఎప్పటి నుంచో కోరిక. ఈ మధ్య ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన కంటబడింది. ‘1969 కమారో జెడ్/28, నంబర్స్ మ్యాచింగ్, ఫ్రేమ్-ఆఫ్ రిస్టోరేషన్, ఫ్యాక్టరీ ఏసీ’ అని రాశారు. బండి ఒహాయోలో ఉంది. విమానం టికెట్ కొని వెళ్ళే ముందు, కూర్చున్న చోటి నుంచే నిజానిజాలు ఎంతవరకు తేల్చుకోగలను?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: చాలావరకు తేల్చుకోవచ్చు. మీరు రాసి పంపిన ఆ ఒక్క వాక్యంలోనే పొసగని మాటలు రెండున్నాయి.

మొదటిది ఏసీ. జెడ్/28 అనే ప్యాకేజీ పుట్టిందే రేసుల కోసం. ట్రాన్స్-యామ్ పందేల్లో ఇంజిన్ పరిమాణం 305 ఘనపు అంగుళాలు మించకూడదన్న నియమం ఉండడంతో, షెవర్లే 302 ఘనపు అంగుళాల ఇంజిన్ తయారుచేసి ఈ కారులో పెట్టింది. ఈ ప్యాకేజీకి నాలుగు గేర్ల మాన్యువల్ తప్పనిసరి. ఆటోమేటిక్ గాని, ఏసీ గాని కంపెనీ ఇవ్వలేదు. కాబట్టి ఆ ఏసీ నిజంగా ఫ్యాక్టరీదే అయితే కారు జెడ్/28 కాదు. కారు నిజంగా జెడ్/28 అయితే ఏసీని తరువాత ఎవరో బిగించి ఉండాలి.

రెండవది ‘ఫ్రేమ్-ఆఫ్’, అంటే బాడీని ఫ్రేమ్ మీద నుంచి దించి బాగుచేయడం. షెవర్లేవారిదే అయిన అదే కాలపు షెవెల్‌కు పూర్తి ఫ్రేమ్ ఉంది గాని కమారోకు లేదు. కమారోలో ఇంజిన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ ముందు భాగంలో మాత్రమే ఉంటుంది. వెనకాలంతా బాడీయే ఆధారం. లేని ఫ్రేమ్ మీద నుంచి బాడీని ఎలా దించారో అమ్మే వ్యక్తే చెప్పాలి. ఇది మోసమని నేను అనను, చాలామంది ఈ మాటను అలవాటుగా వాడేస్తారు. అయితే తన బండి అడుగున ఏముందో తెలియని మనిషి ఇంజిన్ గురించి ఇచ్చే హామీకి నేనైతే పెద్దగా విలువ ఇవ్వను.

ఇక విన్ నంబరు, అంటే కారు గుర్తింపు సంఖ్య సంగతి. ఆ కాలపు షెవర్లే కార్ల విన్‌లో 13 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఉదాహరణకు 124379ఎన్ అని మొదలైతే, 1 అంటే షెవర్లే, 24 అంటే వి8 ఇంజిన్ ఉన్న కమారో, 37 అంటే రెండు తలుపుల కూపే, 9 అంటే 1969, ఎన్ అంటే ఒహాయోలోని నార్‌వుడ్ కర్మాగారం. కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లో తయారైన కారుకు ఎన్ బదులు ఎల్ ఉంటుంది. ఇంతే, ఆ కారు జెడ్/28 అవునో కాదో విన్ చెప్పదు. ఫోర్డ్ మస్టాంగ్‌లో విన్‌లోని అయిదవ అక్షరమే ఇంజిన్ ఏదో చెబుతుంది. 1966 నుంచి 1971 వరకు పాంటియాక్ జీటీఓ విన్ 242తో మొదలవుతుంది, అది చూస్తేనే జీటీఓ అని తెలుస్తుంది. పైగా 1967 నుంచి ఫోర్డ్ కార్ల ఉత్పత్తి వివరాలతో మార్టీ రిపోర్టు తెప్పించుకోవచ్చు, పాంటియాక్‌లకు పీహెచ్‌ఎస్ సంస్థ నుంచి అసలు ఇన్వాయిస్ నకలు పొందవచ్చు. కమారో కొనేవారికి ఆ భాగ్యం లేదు. మామూలు వి8 కమారోకు చారలు వేసి, బ్యాడ్జీలు అంటించి, కొత్త హుడ్ బిగిస్తే చూడడానికి జెడ్/28 అయిపోతుంది. ఆ సామానంతా బజారులో కొత్తగా దొరుకుతోంది. నకళ్ళకు ఈ మోడల్ ఇంత అనువుగా ఉండడానికి కారణం ఇదే. ఎవరైనా ‘విన్ ప్రకారం అసలైన జెడ్/28’ అని రాస్తే ఆ ప్రకటనను అక్కడితో వదిలేయవచ్చు.

అమ్మే వ్యక్తిని మూడు ఫొటోలు అడగండి. ఒకటి, ఇంజిన్ గదిలో వెనక గోడకు ఉండే ట్రిమ్ ట్యాగ్, అంటే బాడీ వివరాల కోడ్‌లుండే పలక. 1968 డిసెంబరు నుంచి నార్‌వుడ్‌లో తయారైన జెడ్/28ల ట్యాగ్ మీద ఎక్స్33 లేదా ఎక్స్77 ఉంటుంది. వాన్ నైస్‌లో ఈ కోడ్ వేయలేదు కాబట్టి ఆ కార్లకు అది లేకపోవడం తప్పు కాదు. ట్యాగ్‌లకు కూడా నకళ్ళు అమ్ముతున్నారన్నది గుర్తుంచుకోండి.

రెండు, ఇంజిన్ ముందు వైపు, ప్రయాణికుడి పక్క సిలిండర్ హెడ్‌కు ముందుండే చదునైన చోటు. అసలు విషయం ఇక్కడే ఉంది. వీ0212డీజెడ్ అని కనిపిస్తే, ఫ్లింట్ కర్మాగారంలో ఫిబ్రవరి 12న బిగించిన జెడ్/28 ఇంజిన్ అని అర్థం. దానితో పాటు 19ఎన్ అని మొదలై కారు విన్‌లోని చివరి ఆరు అంకెలతో ముగిసే ముద్ర కూడా ఉండాలి. ఇంజిన్ ఆ కారుతో పాటు వచ్చినదేనని, అంటే ‘నంబర్స్ మ్యాచింగ్’ అని చెప్పేది ఈ ముద్రే. కొన్ని 1969 ఇంజిన్లలో ఈ ముద్ర ఆయిల్ ఫిల్టర్ దగ్గర పడింది. ఇప్పుడు ట్రిమ్ ట్యాగ్ మీది తేదీ చూడండి. అక్కడ 01సీ అని ఉంటే బాడీ జనవరి మూడవ వారానిది. ఫిబ్రవరిలో పుట్టిన ఇంజిన్ జనవరి కారులోకి ఎలా వచ్చింది? ఇక ఇంజిన్ మీది ఆ చదునైన చోట ఫ్యాక్టరీ యంత్రం మిగిల్చిన సన్నని నిలువు గీతలు ఉండాలి. అవి లేకుండా అద్దంలా నున్నగా ఉంటే పాత అంకెలు చెరిపి కొత్తవి కొట్టారేమోనని అనుమానించాలి. రిపేరులో ఆ ఉపరితలాన్ని న్యాయంగానే సానపట్టిన ఇంజిన్లూ ఉంటాయి, కానీ అటువంటప్పుడు ‘నంబర్స్ మ్యాచింగ్’ ధర అడగడం న్యాయం కాదు.

‘నంబర్స్ మ్యాచింగ్’ అన్న మాటకు చట్టంలో నిర్వచనమేదీ లేదు. కొందరు బ్లాకు మీది కాస్టింగ్ నంబరు సరిపోయినా అదే మాట వాడతారు. అది అచ్చు నంబరు మాత్రమే, ఒకే నంబరుతో వేల బ్లాకులు ఉంటాయి. ‘డేట్ కరెక్ట్’ అంటే తేదీలు కుదిరిన వేరే ఇంజిన్ అని గ్రహించండి. ‘క్లోన్’, ‘ట్రిబ్యూట్’ (రెండూ నకలు అనే అర్థం) అని రాసినవారు కనీసం నిజం చెబుతున్నారు. సరదాగా నడుపుకోవడానికైతే అటువంటి బండి కొనడంలో నాకు అభ్యంతరం కనబడదు.

మూడవ ఫొటో బండి అడుగు భాగం. వెనక చక్రాల దగ్గర బాడీ అంచులు, డిక్కీ నేల, వినైల్ టాప్ ఉంటే దాని అంచుల కింద తుప్పు పడుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ బండ్లకు సరిగ్గా సరిపోతుంది. ముప్ఫై ఫొటోలు పెట్టి, అందులో అడుగు భాగం ఒక్కటీ లేదంటే అది మరిచిపోయి జరిగినది కాదు.

ప్రశ్న: అమ్మే వ్యక్తి సైన్యంలో పనిచేస్తూ విదేశంలో ఉన్నారట. బండి రవాణా కంపెనీ దగ్గర ఉందని, ఎస్క్రోలో (బేరం ముగిసేదాకా డబ్బు మూడో పక్షం దగ్గర ఉండే ఖాతాలో) డబ్బు వేస్తే ఇంటికి పంపుతామని అంటున్నారు. ధర సగమే. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: వద్దమ్మా. సైనికుడి కథ, సగం ధర, వారే సూచించిన ఎస్క్రో వెబ్‌సైట్ – ఈ మూడూ కలిసి వస్తే అది ఎఫ్‌బీఐ ఏళ్ళ తరబడి హెచ్చరిస్తున్న మోసమే. ఆ ఫొటోలను గూగుల్‌లో వెతికి చూడండి, ఏదో పాత వేలం ప్రకటనలో అవే కనిపించే అవకాశం ఉంది.

ప్రశ్న: 1970 షెవెల్ ప్రకటనలో ‘45 వేల మైళ్ళే తిరిగింది, కార్‌ఫ్యాక్స్ క్లీన్’ అని ఉంది. ఇంకేం చూడాలి?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: ఆ రెండు మాటలకూ విలువ లేదు. ఆ కాలపు మైళ్ళ మీటరులో అయిదు అంకెలే ఉంటాయి. 99,999 దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. మీరు చూస్తున్న 45 వేలు 1,45,000 కావచ్చు. పాత సర్వీసు బిల్లులు ఉంటే తప్ప నమ్మకండి. 17 అక్షరాల విన్ 1981 మోడల్ నుంచి వచ్చింది, కార్‌ఫ్యాక్స్ వంటి చరిత్ర రిపోర్టులు దాని మీదే నడుస్తాయి. 1970 కారుకు ‘క్లీన్’ అంటే ఆ రికార్డుల్లో ఏమీ లేదని మాత్రమే అర్థం.

వాటికన్నా ముందు టైటిల్ కాగితం, అంటే యాజమాన్య పత్రం చూడండి. అందులోని పేరు అమ్మే వ్యక్తిదేనా, సాల్వేజ్ (బాగా దెబ్బతిన్న బండి అనే) ముద్ర ఉందా, విన్ నంబరు డ్యాష్‌బోర్డు మీద విండ్‌షీల్డ్ గుండా కనిపించే పలకతో అంకె అంకెకూ సరిపోతుందా? పలకను పట్టి ఉంచే రివెట్లు పువ్వు రేకుల ఆకారంలో ఉండాలి. మామూలు గుండ్రని రివెట్లు కనిపిస్తే బేరం ఆపేయండి. విన్ పలకను మార్చడం అమెరికాలో ఫెడరల్ నేరం. అటువంటి కారును పోలీసులు స్వాధీనం చేసుకుంటే మీ డబ్బు కోసం మీరు ఆ అమ్మినవాడి వెంటపడాల్సి వస్తుంది.